విడిది బోటు ఆగిన ఉదయం

మా పనికి సీజను కార్తీకమాసంలో వనభోజనాల వాళ్ళతో మొదలవుతుంది. డిసెంబరు సెలవుల్లో ఊపిరి సలపదు. మాఘమాసం పెళ్ళిళ్ళు అయ్యి శివరాత్రి వెళ్ళేసరికి సద్దుమణుగుతుంది. ఆ తర్వాత ఎండలు. దిండిలో గోదావరి ఒడ్డునున్న మా రిసార్టులో సగం గదులు మూసేస్తాం. హౌస్‌బోట్లు ఒడ్డుకి లాగించి మరమ్మతు చేయిస్తాం. సీజనుకని తీసుకున్న మనుషులు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి వాళ్ళలో సగం మందే తిరిగి వస్తారు. ఒకళ్ళకి కువైట్ వీసా వచ్చి ఉంటుంది, ఇంకొకళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో చేరి ఉంటారు, మరొకళ్ళు పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉంటారు. ఆ మిగతా సగాన్ని వెతుక్కుని, పని నేర్పుకుని, సీజను పొడుగునా నిలబెట్టుకోవాలి. ఆ పని నాది.

నేను మస్కట్‌లో ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో చేరి, సూపర్‌వైజరు దాకా చేశాను. మా అమ్మాయి పదో తరగతికి వచ్చేసరికి ఇక చాలనుకుని రాజోలు వచ్చేశాను. రిసార్టు యజమానిగారిది రైసుమిల్లుల కుటుంబం. గొంతు పెంచి మాట్లాడడం ఎరగని మనిషి. నన్ను పనిలోకి తీసుకున్న ఏడాది అక్కడ అన్ని పనులకీ మగవాళ్ళే ఉండేవారు. ఆడవాళ్ళని పెడదామంటే ఆయన అవుననలేదు, కాదనలేదు. "వస్తారంటారా అండి?" అని మాత్రం అడిగారు.

వచ్చారు. వాళ్ళ వెనకాలే వాళ్ళ అత్తగార్లు కూడా వచ్చారు, కోడలు ఎక్కడ పనిచేస్తుందో, రాత్రి ఉండిపోవాల్సి వస్తే ఎక్కడ పడుకుంటుందో చూడ్డానికి. నాకు కోపం రాలేదు. మస్కట్ వెళ్ళేముందు మా అత్తగారు కూడా ఇవే ప్రశ్నలు వేశారు. ఆవిడకి చూపించడానికి అప్పుడు నా దగ్గర ఏమీ లేదు. ఇక్కడ ఉంది కాబట్టి, ఒకరోజు ఆ అత్తగార్లందర్నీ భోజనానికి పిలిచాను. అతిథులు కూర్చునే బల్లల దగ్గరే కూర్చోబెట్టి, కోడళ్ళ చేతే వడ్డించాను. తర్వాత వంటిల్లు, గదులు, ఆడవాళ్ళు పడుకునే హాలు చూపించాను. ఒక పెద్దావిడ ఆ హాలు తలుపు లోపలి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసి, మా కోడలు ఉంటుందండి అని చెప్పి వెళ్ళింది.

పళ్ళెం పట్టుకోవడం, పక్కమీద దుప్పటి ముడత లేకుండా పరచడం కొద్దిరోజుల్లో వచ్చేస్తాయి. ఎంతకీ రానిది, కాదని చెప్పడం. మా వైపు ఎవరేమడిగినా నోట్లోంచి ముందు ఆయ్ అనే వస్తుంది. అతిథి లైఫ్ జాకెట్టు వేసుకోనన్నా ఆయ్, బోటు పైకప్పు మీదకెక్కి ఫొటోలు తీసుకుంటానన్నా ఆయ్. తర్వాత ఏం చెయ్యాలో తోచక మా పిల్లలు వంటింట్లో దాక్కుంటారు. అందుకని ఖాళీ దొరికిన సాయంత్రాల్లో నేనే అతిథిని అయ్యేదాన్ని. ఉక్కగా ఉంది, జాకెట్టు వేసుకోనని మొండికేసేదాన్ని. వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవారు.

నవ్వనిది ఒక్కతే. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇద్దరు పిల్లలు, భర్త కువైట్‌లో డ్రైవరు. మలికిపురం దగ్గర్నుంచి వచ్చేది. నేను ఎన్ని రకాలుగా మాట మార్చినా గొంతు పెంచకుండా, ముఖం చిట్లించకుండా, "అది వేసుకుంటేనే బోటు కదులుద్దండి" అని అదే మాట చెప్పింది. చివరికి నేనే విసుగొచ్చి జాకెట్టు వేసుకున్నాను. ఆ మరుసటి సీజనుకి ఆమెని రాత్రి బోటుకి ఇన్‌ఛార్జిని చేశాను. రాత్రి అతిథులు బోటులోనే ఉండే ట్రిప్పుకి ఆడమనిషి బాధ్యత వహించడం మా దగ్గర అదే మొదలు. తోడుగా ఇంకో అమ్మాయి కూడా ఉండాలన్నది నేను పెట్టిన షరతు.

సరంగుగారికి అది నచ్చలేదు. బోటు నడిపే పెద్దాయన ఆయన. చిన్నప్పట్నుంచీ ఏటి మీదే బతికినవాడు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయన నాతో పేచీ పెట్టుకోలేదు గానీ, నేను పెట్టిన ఇంకో నియమం విన్నాక మాత్రం తలపాగా తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. నియమం చిన్నదే. ఇంజను సంగతి సరంగుది, అతిథుల సంగతి ఇన్‌ఛార్జిది. కానీ బోటు బయల్దేరాలంటే ఇద్దరూ సరే అనాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా కదలకూడదు. రాత్రి బోటు కట్టేశాక ఇంజను తాళం ఇన్‌ఛార్జి దగ్గరే ఉండాలి. "ఏరు చూసి చెప్పడానికి ఆ అమ్మాయికేం తెలుసండి?" అని ఆయన యజమానిగారిని అడిగాడట. యజమానిగారు నన్ను పిలిచి, మీ ఇష్టమేనండి, ఏదైనా అయితే మాత్రం మీరే చూసుకోవాలి అన్నారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నా, నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మాఘమాసంలో ఒక పెళ్ళివారు వచ్చారు. ఆడపెళ్ళివారిది రాజోలు అవతల ఊరు, కొబ్బరి తోటలున్న కుటుంబం. మగపెళ్ళివారు హైదరాబాదులో స్థిరపడినవాళ్ళు. వాళ్ళకి గోదావరి మీద సరదా అని, పెళ్ళికూతురి తండ్రి మా పెద్ద బోటునే విడిదిగా మాట్లాడారు. పెళ్ళికొడుకు, తల్లిదండ్రులు, మేనమామ, నాయనమ్మ, దగ్గరి చుట్టాలు బోటులో. మిగతావాళ్ళు రిసార్టు గదుల్లో. సాయంత్రం ఏటి మీద తిరిగి, రాత్రి ఎగువన ఒక కొబ్బరితోట పక్కన బోటు కట్టేసి, తెల్లవారగానే జెట్టీకి వచ్చేయాలి. అక్కణ్ణుంచి కార్లలో కల్యాణమండపానికి. ముహూర్తం పొద్దున్నే, తొమ్మిది దాటాక. తీరిగ్గా సరిపోతుందని అందరం అనుకున్నాం.

ఆ ఉదయం నేను లేచి బయటికొస్తే జెట్టీ కనపడలేదు. గదుల ముందు దీపాలు కూడా పసుపు మరకల్లా ఉన్నాయి తప్ప వెలుగు లేదు. మంచు మాకు కొత్త కాదు, మాఘంలో వారానికి ఒకసారైనా పడుతుంది. కానీ అరచెయ్యి చాపితే వేళ్ళు మసకబారేంత మంచు నేను ఎప్పుడూ చూడలేదు. మెట్లు తడుముకుంటూ దిగి ఇన్‌ఛార్జికి ఫోను చేశాను.

లేచే ఉంది. కాఫీలు ఇచ్చేశానని, పెళ్ళికొడుక్కి స్నానానికి నీళ్ళు పెట్టించానని చెప్పింది. మరి బయల్దేరుతున్నారా అని అడిగితే, సరంగుగారు బయల్దేరదామంటున్నారండి, నేను వద్దన్నానండి అంది.

ఏం చెయ్యాలో నాకు వెంటనే తోచలేదు. ఇలాంటి రోజు వస్తుందని నియమం పెట్టినప్పుడు తెలుసు, కానీ ఆ రోజున బోటులో పెళ్ళికొడుకు ఉంటాడని అనుకోలేదు. సరంగుగారికి ఫోను ఇవ్వమన్నాను. ఆయన గొంతు ప్రశాంతంగానే ఉంది. ఒడ్డు పక్కనే మెల్లగా వచ్చేస్తాను, కళ్ళు మూసుకుని నడపగలిగిన దారి ఇది, ఈ అమ్మాయి ఊరికే కంగారుపడుతోందండి అన్నాడు. వెనకాల ఎవరో మగమనిషి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. అది పెళ్ళికొడుకు మేనమామ అని తర్వాత తెలిసింది.

నేను ఇంకో మాట అనేలోపే యజమానిగారి ఫోను. అప్పటికే పెళ్ళికూతురి తండ్రి ఆయనకి ఫోను చేసేశారట. ఈయన ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడారు. "సరంగు తీసుకొస్తానంటున్నాడు కదండి. ఆయనకంటే మీ అమ్మాయికి ఎక్కువ తెలుసా? పెళ్ళండి ఇది. ముహూర్తం తప్పితే ఈ చుట్టుపక్కల మనం తలెత్తుకోలేం."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మా వైపు ముహూర్తం తప్పించారన్న మాట ఒకసారి పడితే ఆ సీజనుతో పోదు. రిసార్టు పేరుతోపాటు ఆడవాళ్ళ పేరు కూడా అందులో కలుస్తుంది. ఆడదాన్ని బోటు మీద పెట్టారు, పెళ్ళి ఆపేసింది అంటారు. ఆ తర్వాత నా దగ్గర పనిచేసే ఏ కోడల్నీ ఆ అత్తగార్లు మా మెట్లు ఎక్కనివ్వరు. సరంగుగారికి నేను ఒక్క మాట చెబితే చాలు. బోటు కదులుతుంది. చాలామటుకు క్షేమంగానే వస్తుంది. ఆయన ఆ దారిలో నడిపిన ఏళ్ళు నా వయసంత ఉంటాయి.

కానీ ఆ ఒక్క మాటతో ఇన్‌ఛార్జి పని అయిపోతుంది. ఆ రోజే కాదు, ఇక మీదట కూడా. ఆమె వద్దన్నా పైనించి ఇంకొకరిచేత సరే అనిపించుకోవచ్చని బోటు మీదున్న ప్రతివాడికీ తెలిసిపోతుంది. దాన్ని మించిన సంగతి ఇంకోటుంది. నేను ఒడ్డున ఉన్నాను. ఆమె ఏటి మీద ఉంది.

మళ్ళీ ఆమెకే ఫోను చేశాను. "నీకేం కనపడుతోందో చెప్పు. ఏం అనిపిస్తోందో కాదు, కనపడేది చెప్పు" అన్నాను.

"బోటు ముందు జెండా కట్టేం కదండి, ఆ జెండా కనపడ్డం లేదండి. కర్ర సగం దాకా కనపడతాందండి, అంతే." కాస్త ఆగి, "ఇందాకట్నుంచీ ఏదో ఇంజను సప్పుడు వినపడతాందండి. ఎగువనించో దిగువనించో తెలవడం లేదు. సరంగుగారు ఆ సప్పుడు గట్టు మీద ట్రాక్టరుదంటున్నారు. నాకు నీళ్ళ మీదనించే అనిపిస్తాందండి" అంది.

"అయితే కదలకండి. అందర్నీ గట్టుమీదకి దింపుదాం. నేను వస్తున్నాను."

"దింపడానికి బురదండి మేడంగారూ. రాత్రి పోటులో కట్టేం. ఇప్పుడు పాటు, నీళ్ళు వెనక్కెళ్ళిపోయేయి. తోటకీ బోటుకీ మధ్యన అంతా ఒండ్రే. ముసలావిడ ఉన్నారు."

బల్లలు తెస్తున్నానని ఆమెకి చెప్పి, బోటు కదలదని యజమానిగారికి కూడా చెప్పాను. మీరు చెప్పినట్టే కానివ్వండి అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

పందిళ్ళకి వాడే చెక్క బల్లలు సామాన్ల ట్రక్కు ఆటోలో వేయించాను. గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళని లేపితే, నిద్ర కళ్ళతోనే వచ్చి ఆ బల్లల మీద కూర్చున్నారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పెళ్ళికూతురి తండ్రికి ఫోను చేసి, కార్లు జెట్టీకి కాదు, తోట దగ్గర గట్టుమీదకి పంపమన్నాను. "నా కూతురు పీటల మీద కూర్చునుంటుందమ్మా" అన్నారు.

ఏటిగట్టు మీద దారి సన్నం. ఒకపక్క గోదావరి, ఒకపక్క పంటకాలవ. ఆటో లైట్లు వేస్తే మంచు ఇంకా తెల్లగా అయి అసలేమీ కనపడలేదు. లైట్లు ఆర్పేసి, నేను ముందు ఫోను వెలుగు వేసుకుని నడిచాను. నా వెనకాల ఆటో నత్తలా వచ్చింది. గట్టు అంచున గడ్డి ఎక్కడ ఆగిపోతుందో కాళ్ళతో చూసుకుంటూ నడిచాను. అలా నడుస్తుండగానే ఇన్‌ఛార్జి ఫోను వచ్చింది.

ఈసారి మాట్లాడింది ఆమె కాదు. మేనమామ ఫోను లాక్కున్నట్టున్నాడు. చదువుకున్న మనిషి, మర్యాదగానే మొదలుపెట్టాడు. మీ మనిషికి చెప్పండి, పడవ నడిపేవాడు వస్తానంటుంటే ఈవిడెవరు ఆపడానికి అన్నాడు. నేను దారిలోనే ఉన్నానని, గట్టుమీదకి కార్లు వస్తున్నాయని చెప్పాను. బురదలో పట్టుబట్టలతో దిగాలా అని అరిచాడు. ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేసి, సరంగుగారితో తియ్యవయ్యా, నేను చూసుకుంటాను అనడం వినపడింది. ఫోను కట్ చెయ్యలేదు. ఎక్కడో బల్లమీద పెట్టేసినట్టున్నాడు. నేను చెవి దగ్గరే పెట్టుకుని నడుస్తున్నాను.

అడుగుల చప్పుడు. సరంగుగారు ఏదో అన్నాడు, వినపడలేదు. తర్వాత ఆయన గొంతు స్పష్టంగా: "తాళం ఇలాగియ్యమ్మా."

"ఇవ్వనండి."

"నీ మాట కాదమ్మా ఇది. ఇలా తే."

"ఇవ్వనండి బాబాయిగారూ. నన్ను తోసేసి తీసుకుంటారా? తీసుకోండి."

ఆమె తాళం రొంటిన దోపుకుందని, చీర కొంగు దాని చుట్టూ బిగించి ఇంజను గది గుమ్మంలో కూర్చుండిపోయిందని తోడున్న అమ్మాయి తర్వాత చెప్పింది. ఆ మాటలు వింటుంటే నా కాళ్ళు ఆగిపోయాయి. వెనకాల ఆటో కూడా ఆగింది. ఆడదాని నడుము మీద చెయ్యి వేసి లాక్కునే మనిషి కాదు సరంగు, అది నాకు తెలుసు. మేనమామ ఎలాంటివాడో తెలీదు. ఆ చీకటి లాంటి తెలుపులో నిలబడి, అక్కడ ఏం జరుగుతున్నా నేను చెయ్యగలిగింది ఏమీ లేదన్నది ఒక్కటే అర్థమైంది.

అప్పుడు ఫోనులోంచి ఇంజను మోత. మొదట మా బోటుదే అనుకున్నాను. కాదు, అది బరువైన మోత. రెండు క్షణాల్లో దగ్గరకొచ్చేసినట్టు పెరిగిపోయింది. ఎవరో ఆడమనిషి అరిచింది. గిన్నెలు దొర్లిన చప్పుడు, గ్లాసులు పగిలిన చప్పుడు. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది.

మళ్ళీ చేస్తే మోగలేదు. సరంగుగారికి చేశాను, అదీ మోగలేదు. ఆటోలోంచి ఒకామె దిగి నా పక్కకి వచ్చి, ఏమైందండి అంది. తెలీదమ్మా అన్నాను. ఆమె ఇంకేం అడక్కుండా నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఆ గట్టుమీద ఇంచుమించు పరిగెత్తాం. గడ్డి, కాలవ, ఏమీ చూసుకోలేదు. నా బుర్రలో ఆ ముసలావిడ, పెళ్ళికొడుకు, తాళం ఇవ్వనన్న మా పిల్ల, ఆమె ఇద్దరు పిల్లలు. కువైట్‌లో ఉన్న భర్తకి ఫోను చేసి ఏం చెప్పాలన్న మాట కూడా నా మనసులోకి వచ్చేసింది.

తోట ఎక్కడ మొదలైందో తెలీలేదు. ముందు వినపడింది పళ్ళెం మోత. ఎవరో స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఆగకుండా కొడుతున్నారు. ఆ మోత పట్టుకుని గట్టు దిగాం. ఒండ్రు అంచున నిలబడి కేకేస్తే, పళ్ళెం ఆగి, "అందరం బాగానే ఉన్నామండి" అన్న గొంతు వినపడింది. ఆమెదే.

అక్కడే కొబ్బరిచెట్టు మొదట్లో ఒక్క నిమిషం కూర్చున్నాను.

ఏదో ఇసుక పడవ అని తర్వాత అన్నారు. ఎవరూ దాన్ని చూడలేదు. మా బోటు పక్కనుంచే మోత వెళ్ళిపోయింది. దాని అల తగిలి బోటు ఒక్క ఊపు ఊగింది. బల్లమీదున్నవన్నీ, ఫోన్లతో సహా, నేలమీద పడ్డాయి. మా బోటు ఆ నిమిషంలో ఏటి మధ్యలో ఉండి ఉంటే దానికి ఎదురు పడేదా, పక్కనించి పోయేదా, ఎవరం చెప్పలేం. నేను ఈనాటికీ చెప్పలేను. ఆ ఊపు తర్వాత మేనమామ నోరెత్తలేదని మాత్రం తోడున్న అమ్మాయి చెప్పింది. సరంగుగారు మొదట లంగరు తాడు బిగించి చూసి, తర్వాత తనే గళ్ళ లుంగీ ఎగ్గట్టి బురదలోకి దిగాడట. మేం వెళ్ళేసరికి నడుం లోతున నిలబడి, ఒండ్రు ఎక్కడ గట్టిగా ఉందో కాళ్ళతో వెతుకుతున్నాడు.

ఇక మాటలకి టైము లేదు. తోటలో రాలిన కొబ్బరి మట్టలు అడుగున పరిచి, వాటిమీద బల్లలు వేశాం. అయినా బల్లలు చివరిదాకా చాలలేదు. మా ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని మిగిలిన దూరంలో రెండు వరసలుగా తొడల లోతు బురదలో నిలబడి, వచ్చేవాళ్ళకి భుజాలు ఆసరా ఇచ్చారు. నాయనమ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు ఎత్తి చేతులు మార్చుకుంటూ గట్టుకి చేర్చారు. ఆవిడ దారి పొడుగునా కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకున్నారు. పెళ్ళికొడుకు పట్టుపంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, బల్లమీద ఒక్కో అడుగూ వేస్తూ, సారీ అండి, సారీ అండి అని మా వాళ్ళకి చెబుతూ వచ్చాడు. ఎందుకు చెబుతున్నాడో అతనికే తెలీదు. పెళ్ళికొడుకు తల్లి మాత్రం ఎవరి భుజమూ పట్టుకోలేదు. చీర అంచుకి బురద అంటినప్పుడు ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తుంది.

ఇన్‌ఛార్జి అందరూ దిగాకే దిగింది. గట్టుమీద కార్లు సిద్ధంగా ఉన్నాయి. మంచు అప్పటికి కొంచెం పల్చబడింది. కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాక, మేం బురద కాళ్ళతో అక్కడే నిలబడిపోయాం. ఎవరికీ ఎటూ వెళ్ళాలని లేదు. బోటులో పెళ్ళివారికని చేసిన పెసరట్లు, ఉప్మా అలాగే ఉండిపోయాయి. వాటిని ఒడ్డుకి తెప్పించి అందరం గట్టుమీద కూర్చుని తిన్నాం. సరంగుగారు కొంచెం దూరంగా కూర్చున్నాడు. ఇన్‌ఛార్జి ఆయనకి పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.

జీలకర్రా బెల్లం ముహూర్తానికే పెట్టించారని మధ్యాహ్నం కబురు వచ్చింది. కానీ ఎదురుకోలు జరగలేదు. మేళతాళాలతో రావాల్సిన మగపెళ్ళివారు బురద కాళ్ళతో, తడిసిన జుట్టుతో మండపంలోకి పరిగెత్తుకొచ్చారు. మర్యాద జరగలేదని పెళ్ళికొడుకు తల్లి అక్కడే నలుగురిలో అనేసిందట. పెళ్ళికూతురి తండ్రి ఆ మాట పడ్డారు. అది మా వల్లే. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

మర్నాడు యజమానిగారు మమ్మల్ని ముగ్గుర్నీ ఆఫీసు గదికి పిలిచారు. నన్ను, సరంగుగారిని, ఇన్‌ఛార్జిని. కుర్చీలు చూపించి కూర్చోమన్నారు. నేనొక్కదాన్నే కూర్చున్నాను, వాళ్ళిద్దరూ నిలబడ్డారు. ఆయన ఎవర్నీ తిట్టలేదు. పెళ్ళివారు చాలా బాధపడ్డారని, ఇక ఈ సీజనుకి ఈ అమ్మాయిని బోటు మీద కాకుండా గదుల దగ్గరే ఉంచుదామని, వచ్చే ఏడు చూద్దామని చెప్పారు.

నేను రాత్రంతా అనుకున్న మాటే చెప్పాను. "వద్దన్న మాట తను అన్నదండి, కానీ ఆగమన్నది నేను. ఆమె దిగిపోతే నేను కూడా దిగిపోవాలండి." ఈ వయసులో, పిల్ల చదువు నడుస్తుండగా ఆ మాట అనడం తేలిక కాదు.

యజమానిగారు నా వైపు చూడలేదు. సరంగుగారి వైపు తిరిగి, మీరేమంటారండి అని అడిగారు.

ఆయన చాలాసేపు కిటికీలోంచి జెట్టీ వైపు చూశాడు. ఆ అమ్మాయి మీద ఆయనకున్న కోపం నాకు తెలుసు. ఏటి మీద ఆయన మాటకి ఎదురాడినవాళ్ళు అంతకుముందు లేరు. పదిమంది ముందు తాళం ఇవ్వనంది.

"నేను బయల్దేరేవాణ్ణేనండి" అన్నాడు చివరికి. "బయల్దేరుంటే ఏమయ్యేదో నాకు తెలీదండి. నాకు తెలీదన్న సంగతి ఆ పొద్దున్న నాకు తెలీలేదు. అంతేనండి."

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. యజమానిగారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. మరి రేపటి ట్రిప్పుకి ఎవరు వెళుతున్నారండి అని నన్నడిగారు. ఈమేనండి అన్నాను. ఆయ్ అని ఊరుకున్నారు.

బయటికొచ్చాక ఇన్‌ఛార్జి కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కుంది. ఆ రెండు రోజుల్లో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. దగ్గరికి వెళ్ళబోతే వద్దని చెయ్యి ఊపింది. కాసేపటికి తనే వచ్చి, గదుల దుప్పట్లు ఎండేసేరా అండి అని అడిగింది.

ఆ సీజను అలాగే నడిచింది. ఆమె, సరంగుగారు పనికి కావాల్సిన మాటలు మాత్రమే మాట్లాడుకునేవారు. ఇంకో రెండుసార్లు మంచు పడింది. ఆ రెండుసార్లూ సరంగుగారే ఆగుదామన్నాడు. ఒకసారి ఆమె బయల్దేరవచ్చేమో అంటే, ఆగుదాంలెమ్మా అన్నాడట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె కొంచెం నవ్వింది.

శివరాత్రి వెళ్ళాక అందరూ ఇళ్ళకి వెళుతున్నప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. వచ్చే ఏడు రానని చెబుతుందేమోనని భయపడ్డాను. భర్త దగ్గరికి వెళ్ళిపొమ్మని ఇంట్లో అంటున్నారని అంతకుముందే విన్నాను. కానీ ఆమె అడిగింది వేరు.

"వచ్చే ఏడు ఇంకొకావిణ్ణి నేను తయారుచేస్తానండి. మీరు సరే అంటే. ఒక్కదాన్నే అయితే, ఈవిడ తీరే అంత అంటారండి. ఇద్దరం అదే మాట చెబితే అది తీరు కాదు, పద్ధతి అంటారు."

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నాకు తట్టని మాట అది. నేను ఒకామెని నిలబెట్టాననుకుని సంతోషపడ్డాను. ఒక్కతే అక్కడ నిలబడడం ఎంత బరువో ఆమెకి తెలిసింది, నాకు తెలియలేదు. సరే అన్నాను.

మరుసటి కార్తీకానికి ఆమె వచ్చింది, కొత్తావిణ్ణి కూడా వెంటబెట్టుకుని. ఈ కొత్తావిడది పక్క ఊరే, గట్టిగా మాట్లాడే మనిషి, నవ్వు కూడా గట్టిదే. మొదటి నెల ఆమె వెనకాలే బోట్లు ఎక్కి దిగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఇక బోటు బాధ్యత తను తీసుకోగలనని తనే చెప్పింది. నేను ఇన్‌ఛార్జిని అడిగాను. ఇంకో వారం ఆగమంది. కొత్తావిడకి కోపం వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తనే సర్దుకుంది. వారం తర్వాత వెళ్ళింది.

నిన్న సాయంత్రం జెట్టీ మీద కొత్తావిడా సరంగుగారూ గాలి గురించి వాదించుకుంటున్నారు. ఆమె తూర్పుగాలి పెరుగుతోందంటుంది, ఆయన చీకటి పడేలోపు తగ్గిపోతుందంటున్నాడు. బోటులో అతిథులు జాకెట్లు వేసుకుని కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను మధ్యలోకి వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండడానికి చాలానే కష్టపడాల్సి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి రాత్రి భోజనాలకి చేపలు వచ్చాయో లేదో చూసుకున్నాను. ఎంతో సేపటికి గానీ బయట ఇంజను చప్పుడు వినపడలేదు.